నల్లటి నేపథ్యం మీద నా ఫిర్యాదు

ఇప్పుడు మొక్కల ఫొటోలు ఎక్కడ చూసినా ఒకటే తీరు. నట్టనడుమ పువ్వు జిగేలుమంటూ ఉంటుంది, చుట్టూ కటిక చీకటి. చూడ్డానికి నల్ల మఖమలు మీద పెట్టిన నగలా ఉంటుంది. బాగుంటుంది, కాదనను. కానీ ఆ ఫొటో తీసింది పట్టపగలు. తీసినవాళ్లు మోకాలి లోతు బురదలో నిలబడి, చుట్టూ తుంగా జమ్మూ ఊగుతుంటే, కాళ్ల దగ్గర నీళ్లు మెరుస్తుంటే తీశారు. అందులో ఒక్కటంటే ఒక్కటి ఫొటోలోకి రాలేదు. ఆ మొక్క చెరువు అంచున పెరిగిందో, కుండీలో పెరిగిందో, ఎడారిలో పెరిగిందో చూసేవాళ్లకు తెలిసే దారే లేదు.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. చిత్తడి నేలల్లో తనంతట తాను పెరిగే మొక్కను తీస్తున్నప్పుడు ఫ్లాష్ సంచిలోనే ఉండాలి. మిగతా వాటి సంగతి నేను మాట్లాడటం లేదు. చెట్టు తొర్రలో మొలిచిన పుట్టగొడుగుకు ఎవరైనా ఫ్లాష్ వేస్తే నాకేం అభ్యంతరం లేదు. చిత్తడి మొక్క విషయంలో మాత్రం ఉంది. సహజమైనది కాబట్టి మంచిది అనే రకం వాదన కాదిది. నీటి మీద వెలుగు ఎలా నడుచుకుంటుందో గమనిస్తే వచ్చే వాదన.

లోతు తక్కువ ఉన్న నీటికి తనదంటూ చెప్పుకోదగ్గ రంగు ఉండదు. మనం నీరు అనుకుని చూసేది నిజానికి దాని మీద ప్రతిఫలించే ఆకాశాన్ని, లేదంటే అడుగునున్న బురదనూ నాచునూ. ఫ్లాష్ కాంతి కెమెరా వైపు నుంచి బయలుదేరి ఏటవాలుగా నీటిని తాకుతుంది. ఏ కోణంలో తాకిందో అదే కోణంలో అవతలి వైపుకు పోతుంది, కెమెరాకు తిరిగి రాదు. దాంతో నీరు నల్లగా పడుతుంది. నేరుగా పైనుంచి తీస్తే తిరిగి వస్తుంది గానీ, కాలిపోయిన తెల్ల మచ్చలా వస్తుంది. రెండింట్లో ఏదీ నీరులా కనబడదు.

దీనికి దూరం లెక్క తోడవుతుంది. ఫ్లాష్ పువ్వుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. పువ్వుకు 90 సెంటీమీటర్లు వెనకగా జమ్ము పొద ఉంది. అంటే ఫ్లాష్ నుంచి జమ్ముకు 120 సెంటీమీటర్లు. దూరం నాలుగింతలైంది కాబట్టి అక్కడికి చేరే వెలుగు పదహారో వంతుకు పడిపోతుంది. పువ్వుకు సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే జమ్ము చీకట్లో కలిసిపోక ఏం చేస్తుంది? అదే సూర్యుడైతే దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ఆయనకు మీ పువ్వూ, దాని వెనక జమ్మూ ఒకే దూరం. నల్ల నేపథ్యాన్ని ఫొటోగ్రాఫర్ కావాలని ఎంచుకున్నాడని చూసేవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అది ఈ లెక్క చేసిన పనే. స్క్రీన్ మీద చూసుకున్నాక నచ్చి, ఉంచేసుకున్నదే.

ఫ్లాష్‌ను బాగా తగ్గించి, ఆకాశపు వెలుగుకు కాస్త తోడుగా మాత్రమే వాడితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. అలా వాడితే నేపథ్యం నల్లబడదు, ఒప్పుకుంటాను. అయితే చిత్తడి నేలలో వెలుగు పైనుంచే కాదు, కిందనుంచీ వస్తుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కదలని నీరు తిప్పికొట్టే వెలుగు 2 శాతమే. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగితే 6 శాతం. 10 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి ఏకంగా 35 శాతం దాకా పెరుగుతుంది. అందుకే పొద్దున పూట నీటి పైకి లేచిన తామరాకుల అడుగు వైపు వెలుగుతుంటుంది. కాడ మీద సన్నటి మెరుపు గీతలు పైకి పాకుతుంటాయి, అలను బట్టి ఆగుతూ, మళ్లీ కదులుతూ. పొలం గట్టు మీద మొక్కకు ఈ వెలుగు దొరకదు. ఫ్లాష్ ఎంత తగ్గించినా ముందునుంచి పడి అది మొట్టమొదట చెరిపేసేది ఈ కింది వెలుగునే.

నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్షి వాలిస్నేరియా అనే నీటి మొక్క. అక్వేరియం పెట్టుకునేవాళ్లకు దీని సన్నటి పొడుగాటి ఆకులు బాగా తెలుసు. దాని పూలను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మగపూలు కంటికి ఆనీ ఆననంత చిన్నవి. అవి నీటి అడుగునే తల్లి మొక్క నుంచి తెగిపోయి, పైకి తేలి, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంటాయి. ఆడపువ్వు పొడవాటి కాడ మీద పైదాకా వచ్చి, నీటి ఉపరితలాన్ని కొద్దిగా కుంగదీసి కూర్చుంటుంది. తేలుతూ వచ్చిన మగపూలు ఆ చిన్న గుంట వాలులోకి జారి ఆడపువ్వును చేరతాయి. పని పూర్తయ్యాక కాడ చుట్టలు చుట్టుకుని, కాయను నీటి అడుగుకు లాక్కుపోతుంది.

ఈ వ్యవహారమంతా ఆ గుంట మీదే ఆధారపడి ఉంది. ఫొటో తీయాల్సింది దాన్నే. కానీ గుంటకు రంగు లేదు, అంచు లేదు. ఆకాశపు ప్రతిబింబం అక్కడ వంకర తిరుగుతుంది కాబట్టి మాత్రమే అక్కడొక గుంట ఉందని మన కంటికి తెలుస్తుంది. ఫ్లాష్ కింద తీస్తే నల్లటి శూన్యంలో తెల్లటి పువ్వు వస్తుంది. పువ్వు భాగాలన్నీ స్పష్టంగా ఉంటాయి. పువ్వు చేస్తున్న పని మాత్రం ఉండదు.

సహజ కాంతి అనగానే చాలామంది నోట వచ్చే మాట గోల్డెన్ అవర్, అంటే పొద్దు పొడిచిన కాసేపూ, పొద్దు గుంకే ముందు కాసేపూ ఉండే బంగారు వెలుగు. నాకు దానితో కూడా పేచీ ఉంది. చిత్తడి నేలలో చూడాల్సిన రంగు ప్రధానంగా ఆకుపచ్చే, కానీ అది ఒక్క ఆకుపచ్చ కాదు. జమ్ము ఆకులో కాస్త నీలం కలిసి ఉంటుంది. తుంగ ముదురుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అంతరతామర లేతగా, మెత్తటి నూగుతో పాలిపోయినట్టు ఉంటుంది. సాయంత్రపు పసుపు వీటన్నిటినీ ఒకే తేనె రంగులో ముంచేస్తుంది. గోడకు తగిలించుకునే బొమ్మకు అది చాలు. మొక్కను గుర్తుపట్టాలంటే చాలదు. పొద్దున్నే వెళ్లమని నేనూ చెబుతాను, అయితే రంగు కోసం కాదు, గాలి కోసం. నేల వేడెక్కకముందు గాలి నిలకడగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ సన్నటి కాడల మీద ఊగే పూలను పట్టుకోవడం నరకం.

నాకిష్టమైనది పల్చటి మబ్బు. ఆకాశం మొత్తం ఒక్క దీపంలా మారుతుంది, నీడలు మెత్తబడతాయి, నీటి మీద ఎక్కడా కళ్లు చెదిరే మెరుపు ఉండదు. ఇందాక చెప్పిన కింది వెలుగు మబ్బులో బాగా తగ్గిపోతుంది, అది నిజమే. కాడల మీద మెరుపు గీతలు కావాలంటే ఏటవాలు ఎండ రావాల్సిందే. రెండూ ఒకే ఫొటోలో దొరకవు. ఒకటే ఎంచుకోమంటే నేను మబ్బునే ఎంచుకుంటాను, ఎందుకంటే ఎండలో మెరిసే ఆకు మీద ఈనెలు కనబడవు.

మబ్బులో వెలుగు చాలదన్న భయం ఫిల్మ్ రోజుల నాటిది. లెక్క వేసి చూద్దాం. నిండు ఎండలో ఐఎస్ఓ (ఫిల్మ్ లేదా సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 100 దగ్గర ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది), షట్టర్ వేగం సెకనులో నూరో వంతు అన్నది పాత సూత్రం. మబ్బు పడితే వెలుగు రెండు స్టాపులు తగ్గి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) అదే వేగానికి ఎఫ్/8 అవుతుంది. దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్స్‌ను 1:1 దాకా, అంటే పువ్వు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేదాకా తీసుకెళ్తే ఇంకో రెండు స్టాపులు పోయి, వేగం సెకనులో 25వ వంతుకు పడిపోతుంది. ఆ వేగానికి చిన్న గాలి తగిలినా పువ్వు చెదిరిపోతుంది, అందుకే ఒకప్పుడు ఫ్లాష్ లేకపోతే గతి లేదనేవారు. ఇప్పటి కెమెరాలో ఐఎస్ఓ 1600 పెడితే అదే ఎఫ్/8 దగ్గర 400వ వంతు వస్తుంది. బొమ్మ మీద కొంచెం నాయిస్, అంటే గరుకు చుక్కలు వస్తాయి, రానివ్వండి. నాయిస్ ఉన్న నీరు నయం, అసలు నీరే లేని ఫొటో కంటే.

ఫోకస్ లోతు గురించి కూడా ఫ్లాష్ పక్షం వాళ్లు వాదిస్తారు. పెద్ద సెన్సర్ మీద 1:1 దగ్గర ఎఫ్/8 పెడితే స్పష్టంగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. ఎఫ్/16 పెడితే రెండు మిల్లీమీటర్లు వస్తుంది గానీ, ఆ దగ్గరితనంలో అది ఎఫ్/32లా పనిచేసి వివర్తనం (చిన్న రంధ్రం గుండా పోయే వెలుగు చెదరడం) వల్ల మొత్తం బొమ్మ మెత్తబడుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం నేపథ్యాన్నంతా ఇచ్చేసుకోవడం నాకు లాభసాటి బేరంగా తోచదు. కాస్త వెనక్కి జరిగి సగం సైజులో తీయండి. ఎవరూ పువ్వు కేసరాల మీద పుప్పొడి రేణువులు లెక్కపెట్టమని మిమ్మల్ని అడగలేదు. నాలుగైదు ఫొటోలు కలిపి ఫోకస్ పెంచే పద్ధతి నీటి మీద కదిలే మొక్కకు పనికిరాదు. దాని గురించి ఎక్కువ చెప్పను.

లెన్స్ ముందు బిగించి ప్రతిబింబాలను తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ దగ్గర జాగ్రత్త కావాలి. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో కెమెరా పెట్టి ఫిల్టర్ తిప్పితే ప్రతిబింబం దాదాపు పూర్తిగా మాయమవుతుంది, అడుగున ఏముందో కనబడుతుంది. యుట్రిక్యులేరియా అనే, పురుగులను తినే నీటి మొక్కను తీయడానికి ఇది వరం. పైన కనబడేది చిన్న పసుపు పువ్వే. నీటి అడుగున దారాల్లాంటి కొమ్మల మీద చిన్న తిత్తులుంటాయి. వాటిలో ఒక్కో తిత్తి సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో తెరుచుకుని, దగ్గరకొచ్చిన నీటి పురుగును నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. పైన పువ్వు, కింద ఉచ్చు ఒకే ఫ్రేములో రావాలంటే ఫిల్టర్ ఉండాల్సిందే. కానీ అన్ని ఫొటోలకూ అదే బిగించి, ప్రతిబింబం మొత్తం తుడిచేస్తే ఫ్లాష్ చేసిన పనినే మరో దారిలో చేసినట్టు అవుతుంది. నేను సగం దాకా తిప్పి ఆపేస్తాను.

నీటి చుక్కల విషయంలో నాకు కాస్త కోపమే వస్తుంది. స్ప్రే సీసాతో ఆకు మీద నీళ్లు చిమ్మి, మంచు కురిసిందని చూపించే అలవాటు చాలామందికి ఉంది. తేమ నేలలో పెరిగే చాలా మొక్కలు రాత్రంతా వేళ్లతో నీరు పీల్చుకుని, ఎక్కువైనదాన్ని ఆకు అంచునున్న రంధ్రాల గుండా బయటికి నెడతాయి. పొద్దున్నే ఆకు కొసల్లో, అంచు పళ్ల దగ్గర వరసగా, దాదాపు సమానమైన ఎడంతో నిలిచే చుక్కలు అవే. మంచు బిందువులు అలా కాదు, ఆకంతా పరుచుకుంటాయి. స్ప్రే చుక్కలు ఈ రెండు తీరుల్లోనూ ఉండవు, ఎక్కడ పడితే అక్కడ, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మొక్క తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు.

నిజమైన చుక్కలో ఇంకో విశేషం ఉంది. అది లెన్స్‌లా పనిచేసి, వెనకనున్న దృశ్యాన్ని తలకిందులుగా తనలో చూపిస్తుంది. పురుగులను పట్టి తినే చిన్న మొక్క డ్రోసెరా. దాని ఆకు మీద ప్రతి రోమం చివరా జిగురు బొట్టు ఉంటుంది. ఎండకు ఎదురుగా కూర్చుని, మొక్కను మధ్యలో పెట్టి చూడండి. ఒక్కో బొట్టులో కింద ఆకాశం, పైన నేల, మధ్యలో సన్నటి గీతలా దిగంతం. నేపథ్యాన్ని నల్లగా చేస్తే బొట్టు లోపలా నలుపే. దాని మీద ఫ్లాష్ తాలూకు తెల్ల చుక్క ఒకటి మిగులుతుంది. తామరాకు మీద దొర్లే నీటి వెండి మెరుపు కథ వేరు. ఆకు మీది మైనపు బొడిపెల వల్ల చుక్కకూ ఆకుకూ మధ్య పల్చటి గాలి పొర నిలుస్తుంది. చుక్కలోకి పోయిన వెలుగు ఆ పొర దగ్గర మొత్తంగా వెనక్కి మళ్లుతుంది. ఆ ఆకు ఎందుకు తడవదో, ఎందుకు మురికి అంటించుకోదో 1997లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు విల్హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హాయిస్ వివరంగా రాశారు. ఆ వెండి మెరుపు నిండుగా కనబడాలంటే వెలుగు విశాలమైన ఆకాశం నుంచి రావాలి.

సహజ కాంతి ఉంటే చాలా? చాలదు. నా వాదనలో బలహీనమైన చోటు ఇదే కాబట్టి నేనే చెబుతున్నాను. 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ పద్ధతిలో, ఆ మరుసటి ఏడాది నుంచే ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ నీటి నాచులను రసాయనం పూసిన కాగితం మీద పరిచి ఎండలో పెట్టి నీలి ముద్రలు తీసింది. అంతకంటే సహజమైన కాంతి ఉండదు. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ మెత్తటి పగటి వెలుగులోనే మొక్కల భాగాలను ఎన్నో రెట్లు పెంచి తీశాడు. 1928లో ఆ ఫొటోలు ఆయనకు పెద్ద పేరు తెచ్చాయి. ఇద్దరి పనీ నాకు అపురూపమే. కానీ రెండు చోట్లా మొక్కను తుంచి, దాని చోటు నుంచి వేరుచేసి, ఒట్టి కాగితం మీదికి తెచ్చారు. ఇవాళ కొందరు మొక్క వెనక తెల్లటి పలక నిలబెట్టి తీస్తున్నారు. ఆకారం చూపించడానికి అది మంచి పద్ధతే, జాతుల పట్టికలకు పనికొస్తుంది. నేనడిగేది వేరు. చుట్టూ ఉన్న గడ్డిని పీకి, ఎండుటాకులు ఏరేసి, పువ్వును శుభ్రంగా చూపిస్తామనే ఆ అలవాటు మానుకోమంటున్నాను. ఆ గడ్డి పువ్వుకు అడ్డు కాదు, ఆ గడ్డిలోనే అది పెరుగుతోంది.

గుర్రపుడెక్కను చూడండి. లేత ఊదా రేకులు, పై రేకు మీద నీలి వలయంలో పసుపు మచ్చ. నల్ల నేపథ్యం మీద పెడితే ఇంత అందమైన పువ్వు లేదనిపిస్తుంది. అమెజాన్ పరీవాహక ప్రాంతం నుంచి ప్రపంచమంతా పాకిన ఈ మొక్క నీటిని కప్పేసి, కిందికి వెలుగు పోనివ్వక, అక్కడి మొక్కలను చంపేస్తుంది. ఒక్క పువ్వును విడిగా చూపించిన ఫొటోలో ఈ సంగతి రాదు. పువ్వును ముందు పెట్టి, వెనక కనుచూపు మేరా పరుచుకున్న పచ్చటి చాపను, ఎక్కడా నీరే కనబడకపోవడాన్ని చూపిస్తే వస్తుంది. దీనికి ఖరీదైన లెన్సులు అక్కర్లేదు. ఫోన్ కెమెరా సెన్సర్ చిన్నది కనుక ముందూ వెనకా రెండూ స్పష్టంగా పడతాయి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నీటికి రెండు వేళ్ల ఎత్తులోకి దిగుతుంది. (చేతికి తాడు చుట్టుకోండి.)

చీకటి పూలకు ఏం చేస్తావని అడగొచ్చు. కవులు కలువను చంద్రుడికి, తామరను సూర్యుడికి కట్టబెట్టారు. నీలి రంగు నల్లకలువ పగలే విచ్చుకుంటుంది కాబట్టి ఆ లెక్క అన్ని కలువలకూ కుదరదు. తెల్ల కలువల్లో, ఎర్ర కలువల్లో కొన్ని జాతులు మాత్రం నిజంగానే రాత్రి విచ్చుకుని, పొద్దెక్కాక ముడుచుకుంటాయి. నిండు పున్నమి వెలుగు ఎండ వెలుగులో సుమారు 4 లక్షలో వంతు. ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600 పెట్టినా షట్టర్ దాదాపు 8 సెకన్లు తెరిచి ఉంచాలి. నీటి మీద ఏ పువ్వూ 8 సెకన్లు కదలకుండా ఉండదు. దీనికి నా దగ్గర ఉన్న జవాబు తెల్లవారుజాము. తూరుపు తెలతెలవారుతున్నప్పుడు పువ్వు ఇంకా విచ్చుకునే ఉంటుంది, ఆకాశం నీటి మీదికి వచ్చేసి ఉంటుంది. తెల్ల రేకులు కాలిపోకుండా చూసుకోవాలి. చుట్టూ ముదురు నీరు ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసపోయి ఎక్కువ వెలుగు ఇస్తుంది, అందుకని ఒక స్టాపు తగ్గించి పెట్టుకోండి.

తెల్ల కాగితం పెట్టి నీడ వైపు కాస్త వెలుగు పంపడం, ఎండ మరీ తీవ్రంగా ఉంటే పల్చటి గుడ్డ అడ్డం పెట్టడం నాకు సమ్మతమే. నీరూ మబ్బూ చేసే పనులే అవి. వెండి రంగు రిఫ్లెక్టర్ అంటే మాత్రం మొహం తిప్పుకుంటాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, కాళ్లు. డ్రోసెరా నేలకు అంటుకుని, రూపాయి బిళ్లంత ఉంటుంది. ఫొటో తీయడానికి మీరు మోకాళ్ల మీద కూర్చున్న చోట అలాంటివి మరికొన్ని ఉండే ఉంటాయి. తడి నేల మీద పడిన అడుగు గుంట తొందరగా పూడదు. అందుకే నిలబడే చోటు ముందు చూసుకుని, అక్కడి నుంచి కుదిరిన కోణంతోనే సరిపెట్టుకుంటాను. బూట్లకు అంటిన బురదను అక్కడే కడిగేస్తాను, లేకపోతే ఒక చెరువు విత్తనాలు ఇంకో చెరువుకు నాతోపాటే ప్రయాణిస్తాయి.

ఇంతసేపూ మొక్క చోటు ఫొటోలో కనబడాలని వాదించిన నేను, ఆ చోటు పేరు మాత్రం చెప్పను. ఇందులో వైరుధ్యం ఉందని ఎత్తిచూపినవాళ్లున్నారు. ఉంది. అరుదైన మొక్క ఎక్కడుందో తెలిస్తే ఫొటోలు తీసేవాళ్లూ వస్తారు, పెకలించి పట్టుకెళ్లేవాళ్లూ వస్తారు. మొదటివాళ్ల కాళ్లే కొన్నిసార్లు ఎక్కువ నష్టం చేస్తాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ తీసిన ఫొటోలో ఎక్కడ తీశామో చెప్పే జీపీఎస్ గుర్తు దాగి ఉంటుంది, బయట పెట్టే ముందు దాన్ని తీసేస్తాను. గుర్తుపట్టగలిగే గట్టో, స్తంభమో, కొండ వాలో వెనక పడితే ఆ ఫ్రేము ఎంత బాగా వచ్చినా నా దగ్గరే ఉంచుకుంటాను. అడిగినవాళ్లకు ఆ మొక్క ఎలాంటి నేలలో ఉంటుందో, ఎంత లోతు నీటిలో ఉంటుందో, ఏ నెలల్లో పూస్తుందో, పక్కన సాధారణంగా ఏ మొక్కలుంటాయో మాత్రం దాచుకోకుండా రాసి పంపిస్తాను. అవి తెలిస్తే ఎవరి చుట్టుపక్కల వాళ్లు వెతుక్కోవచ్చు. కొందరికి దొరికాయి కూడా, ఫొటోలు పంపారు. వాళ్లూ చోటు చెప్పలేదు, నేనూ అడగలేదు.